రెండు కాళ్ళకీ ఒకే కొలత

పోయిన వారం మనం కటింగక్కని గాలిబూట్ల కొట్టు గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉండగా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి నిలబడలేకనే కదా అక్కడికి వెళ్ళింది. ఇంకా ఆలస్యం చేస్తే మీరు ఊరుకున్నా ఆవిడ కాలు ఊరుకోదు కనుక ముందు లోపలికి తీసుకుపోదాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. కటింగక్కది బట్టలు కుట్టే షాపు. ఆవిడ ఒక్కదానిదే కాదు, తోడికోడళ్ళిద్దరిదీ. పెద్దకోడలు కోస్తుంది, చిన్నకోడలు కుడుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఆ షాపులో రెండు కత్తెరలు ఇన్నేళ్ళూ ఇమిడిపోయాయి. కటింగక్క భర్త పోయాక కూడా ఆ అమరిక చెడలేదు. ఆర్డర్ల కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగేది చిన్నకోడలి భర్త, అంటే కటింగక్క మరిది. ఆ మరిది ఎవరితోనో ఫోన్లో "సోమవారం నుంచి కొత్త కటింగ్ మాస్టర్ వస్తున్నాడు" అనడం పోయిన వారం ఆవిడ చెవిన పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పైకి ఒక్క మాట అనలేదు. మనసులో ఉన్నది నోటితో అనే అలవాటు ఆవిడకి లేదు.

అనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆవిడ ఎడమకాలు. గుడ్డ థాన్లు చూడటానికి వెళ్ళి, పొద్దుటి నుంచి చీకటిపడే దాకా బస్సులో ముడుచుకు కూర్చుని వచ్చిన రోజు మొదలు ఆ కాలు బరువెక్కింది. పిక్క దగ్గర మొదలైన వాపు మోకాలు దాటి పైకి పాకింది. కోతబల్ల ముందు నిలబడితే సలుపు, కూర్చుంటే నామోషీ. కూర్చుని గుడ్డ కోసే మాస్టర్ని ఆవిడ జన్మలో చూడలేదు. అందుకని పాదాల దాకా దిగే వదులు పైజామాలు కుట్టుకుని, కాలిని అందులో దాచి, ఏమీ లేనట్టే తిరుగుతోంది. రేపు ఒక పెద్ద హోటల్ వాళ్ళ యూనిఫారాల గుడ్డ కోతకి పడుతుంది. ఆ కోత మొత్తం తన చేత్తో, నిలబడి, ఒక్క ముక్క చెడకుండా ముగించిందంటే కొత్త మాస్టర్ ఊసు దానంతటదే చచ్చిపోతుందని ఆవిడ లెక్క. అది జరగాలంటే రేపటికల్లా కాలు దారికి రావాలి.

ఇక లోపలికి.

గుమ్మం పైన బోర్డు మీద 'రికవరీ స్టూడియో' అని ఉంటుంది. ఆ మాట వీధిలో ఎవరి నోటా పలకలేదు, అందరూ గాలిబూట్ల కొట్టు అనే అంటారు. లోపల తెల్ల గోడలు, పల్చటి వెలుతురు, వెనక్కి వాలే కుర్చీలు వరసగా. ఒక్కో కుర్చీ పక్కన చిన్న పెట్టె అంత మిషను, దానికి గొట్టాలు, గొట్టాల చివర నల్లటి బూట్లు. బూట్లంటే వేసుకుని వీధిలో నడిచేవి కావు. తొడ దాకా వచ్చే పొడుగాటి జిప్పు సంచులు. లోపల గదులు గదులుగా ఉండి, ముందు పాదం దగ్గర గాలి నిండుతుంది, తర్వాత పిక్క దగ్గర, తర్వాత మోకాలు, ఆ పైన తొడ. కింది నుంచి పైకి పిసుక్కుంటూ వచ్చి ఒక్కసారిగా వదిలేస్తుంది. మళ్ళీ మొదలు. పరుగు పందేల వాళ్ళ కోసం మొదలైన కొట్టే గానీ, ఇప్పుడు రోజంతా నిలబడి పని చేసేవాళ్ళు కూడా వస్తున్నారు. గేటు కాపలావాళ్ళు, బట్టల షాపుల్లో పిల్లలు, టీచర్లు.

కొట్టు నడిపే ఆమెని అందరూ పరుగమ్మాయి అంటారు. ఒకప్పుడు పోటీల్లో పరిగెత్తేది. మోకాలు దెబ్బతిని పరుగు మానేసింది గానీ పరిగెత్తేవాళ్ళ కాళ్ళు మాత్రం వదల్లేదు. ఒకరి చెమట ఇంకొకరికి అంటకుండా బూట్ల లోపల వేసుకునే నూలు తొడుగులు ఆమె కుట్టించింది కటింగక్క షాపులోనే. అవి ఇవ్వడానికి కటింగక్క వెళ్ళినప్పుడు "మీరూ ఒకసారి వచ్చి కూర్చోండి ఆంటీ, రోజంతా నిలబడతారు కదా" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్న మనిషి, మొన్న ఎవరూ చూడకుండా తన కొలతకి ఒక జత తొడుగులు కోసుకుని కుట్టుకుంది.

ఆ కొలత సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఏ మనిషికీ రెండు భుజాలు ఒకలా ఉండవు, రెండు కాళ్ళు ఒకలా ఉండవు. ఈ సంగతి డాక్టర్లకి ఎంత తెలుసో కుట్టుపని వాళ్ళకీ అంత తెలుసు. అందుకని వాళ్ళు పెద్దవైపు ఏదో చూసి, దాన్ని కొలిచి, రెండువైపులా అదే కోస్తారు. తేడా గుడ్డలో కలిసిపోతుంది. తొడుక్కున్నవాళ్ళకి కూడా తమ వంకర తెలియదు. కటింగక్క చెయ్యి ఇన్నేళ్ళుగా ఊరందరి వంకరలూ అలాగే దాచిపెట్టింది. తన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి అలవాటు మానుకుంటుందా. ఎడమకాలు కొలిచి, గుడ్డ మడతేసి, రెండూ ఒకే కోతలో కోసేసింది.

"ఆంటీ, కొన్ని అడగాలి. ఏమనుకోకండి, అందరినీ అడుగుతాం," అంది పరుగమ్మాయి. "గుండె జబ్బు ఏమైనా ఉందా?"

"లేదు."

"కాళ్ళ మీద పుండ్లు, దెబ్బలు?"

"లేవు."

"ఒక కాలు ఇంకోదాని కంటే ఎక్కువ వాచిందా? ఒక కాల్లోనే నొప్పిగా, వేడిగా అనిపిస్తోందా?"

కటింగక్క చేతిలో ఉన్న తొడుగుల జత చూపించింది. "కొలిచే కుట్టుకున్నానమ్మాయ్. రెండూ ఒకటే."

పచ్చి అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. తొడుగులు రెండూ ఒకటే, అది నిజమే. కాళ్ళ మాట అడిగితే తొడుగుల మాట చెప్పింది, అంతే. ఇటువంటి నిజాలతోనే మనుషులు ఎక్కువ మోసపోతారు. అందులోనూ తమను తాము.

మామూలుగా అయితే పరుగమ్మాయి కాళ్ళు చూడకుండా బూట్లు తగిలించదు. కానీ కటింగక్క తెర చాటుకి వెళ్ళి తొడుగులు తనే వేసుకుని, నడుము నుంచి మోకాళ్ళ దాకా దుప్పటి కప్పుకుని మరీ వచ్చి కూర్చుంది. పెద్దావిడ, మొహమాటం అనుకుంది ఆ అమ్మాయి. జిప్పులు పైకి లాగి, కుర్చీ వెనక్కి వాల్చి, మిషను మీట నొక్కింది.

గాలి పాదాల్లోకి వచ్చింది. కుడికాలి సంగతి చెప్పాలంటే, ఎన్నేళ్ళ తర్వాతో ఎవరో అరికాళ్ళు పట్టినట్టుంది. ఆ నొక్కుడు నెమ్మదిగా పిక్కకి ఎక్కి, మోకాలు చుట్టి, తొడ దాకా వెళ్ళి వదిలేసింది. కటింగక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన భుజం మీద అందరి కొలతలూ వేలాడాయి గానీ తన కాళ్ళు పట్టిన చెయ్యి ఇంతవరకూ లేదు. ఎడమకాలి సంగతి వేరు. అక్కడ గాలి నిండుతున్నకొద్దీ లోపలెక్కడో ఇరుకైన చోట ఏదో ఒరుసుకున్నట్టు పోటు. కుడికాలు స్వర్గంలో, ఎడమకాలు నరకంలో, మధ్యలో ఈ మనిషి పళ్ళు బిగించుకుని. వాపు దిగాలంటే ఆమాత్రం నొప్పి ఉంటుందిలే అని తనకు తనే చెప్పుకుంది.

"దారం రీళ్ళు ఇక్కడ కూడా అమ్ముతున్నారా అక్కా?"

ఆ గొంతు విని కటింగక్క కళ్ళు తెరవలేదు. తెరవకుండానే ఎవరో తెలుసు. నలభై దాటినా ఇంటా బయటా ఇంకా చిన్నకోడలే అయిన ఆ మనిషి, చేతికి కట్టుకున్న సూదుల దిండు కూడా తియ్యకుండా వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"నా వెనకాలే వచ్చావా?"

"వెనకాల రాలేదు. దారానికని చెప్పి బయల్దేరావు, దారం కొట్టు ఎడమవైపుంటే నువ్వు కుడివైపు తిరిగావు. దారి తప్పావేమోనని వచ్చా."

"ఈ వీధిలో నేను దారి తప్పుతానా."

"అదే నేనూ అనుకున్నా."

పరుగమ్మాయికి వ్యవహారం అర్థమైంది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య గాలి ఇలా బిగుసుకున్నప్పుడు ఏ మిషనూ దాన్ని వదల్చలేదని ఆమెకీ తెలుసు. "మీరూ కూర్చుంటారా అక్కా? పక్క కుర్చీ ఖాళీయే," అంది చిన్నకోడలితో, ఏదో ఒకటి అనాలి కనుక.

"కూర్చుంటా. నాకూ తగిలించు. మా అక్క తీసుకునే సుఖం ఏంటో నేనూ చూస్తా."

ఇళ్ళల్లో గొడవలు చాలావాటికి మూలం తేలకపోవడానికి కారణం, మాట ముదిరే సమయానికి ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోవడం. ఈ తోడికోడళ్ళిద్దరూ అందులో ఆరితేరినవాళ్ళు. మాట పెరుగుతోందనగా ఒకరు బల్ల దగ్గరికి, ఒకరు మిషను దగ్గరికి వెళ్ళిపోయేవారు. కత్తెర చప్పుడూ మిషను చప్పుడూ మిగతా మాటలు మింగేసేవి. కానీ తొడల దాకా గాలిబూట్లు తగిలించుకున్న మనిషి ఎక్కడికని పోతుంది. పరుగమ్మాయి ఇద్దరి మిషన్లూ ఆడుతున్నాయని చూసుకుని, ముందు గదిలోకి మర్యాదగా తప్పుకుంది.

కటింగక్క పైకప్పు చూస్తూనే మాట మొదలుపెట్టింది.

"సోమవారం వస్తాడటగా," అంది కటింగక్క.

"ఎవరు?"

"నీకు తెలీదా ఎవరో. మరిది ఫోన్లో అంటుంటే విన్నా."

చిన్నకోడలు మెడ తిప్పి చూసింది. "విన్నావా. అయితే మొత్తం వినాల్సింది."

"సగం చాలు. మరిది మీద నాకు కోపం లేదు. ఆర్డర్లు పెరిగాయి, ముసలిదాని చెయ్యి ఆడదేమోనని భయపడ్డాడు అనుకున్నా. నువ్వెందుకు చెప్పలేదు? రోజూ నా పక్కనే కూర్చుని టీ తాగుతావు. నాకు అదొక్కటి చెప్పు."

"ఆయన ఆలోచన కాదక్కా అది. నాది."

మిషన్లు రెండూ ఒకేసారి గాలి వదిలాయి.

"నీదా," అంది కటింగక్క.

"నాదే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు కట్టుకు కూర్చున్నా."

"చించుకో. కాళ్ళు ఎలాగూ బూట్లలో ఉన్నాయి."

నవ్వాల్సిన మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు. చిన్నకోడలు చేతికున్న సూదుల దిండు ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో సూదినీ తీసి మళ్ళీ గుచ్చుతూ చెప్పింది.

"రెండు వారాలై నువ్వు కోసే ప్యాంటు పీసులు తేడా వస్తున్నాయి. ఎడమ అంచు లోపలికి జారుతోంది. రెండు ముక్కలూ కలిపితే కుట్టుకి అందట్లేదు. పొద్దున్నే నీకంటే ముందొచ్చి సరిచేస్తున్నా. కుదిరినవి కత్తిరిస్తా. కుదరనివాటికి లోపల పట్టీ వేస్తా."

కటింగక్కకి ఆ మాటలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. రోజూ పొద్దున షాపుకి వచ్చేసరికి పీసుల కట్టలు వేరేగా ముడివేసి ఉండటం ఆవిడ చూడకపోలేదు. చిన్నకోడలికి ఈమధ్య పొందిక ఎక్కువైందనుకుంది. పైగా పోయిన వారమే, కుట్టి వేలాడదీసిన ప్యాంట్లు చూసుకుని, ఈ వయసులో కూడా చెయ్యి చెదరలేదని లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? కత్తెర కింద పెట్టేస్తావు. ఇంట్లో గోడకి తిరిగి పడుకుంటావు. బావగారు పోయినప్పుడు చూశాగా. తిండి లేదు, మాట లేదు. మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబెట్టాకే మనిషివయ్యావు. దాని దగ్గర్నుంచి నిన్ను నేనెలా తీసేస్తాననుకున్నావు?"

"మరి వచ్చేవాడు ఎక్కడ నిలబడతాడు? నా నెత్తి మీదా?"

"నీ పక్కన. నువ్వు కుర్చీలో కూర్చుని సుద్దతో గీత గియ్యాలి, అతను నిలబడి కొయ్యాలి. గీత నీదే. పెద్ద పెద్ద షాపుల్లో అలాగే చేస్తారట. ఎత్తు కుర్చీ కూడా చెప్పేశా చేయించమని."

"నన్ను అడిగావా?"

చిన్నకోడలు సూది గుచ్చడం ఆపింది.

"మంచికే చేశావు, కాదనను," అంది కటింగక్క. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే వినడానికి కష్టంగా ఉంది. "కానీ నా చెయ్యి తప్పుతోందని నాకొక్కదానికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట."

"ఇంటిల్లిపాదికీ కాదు. నాకొక్కదానికే. ఆయనకి కూడా ఆర్డర్లు పెరిగాయి, మనిషి కావాలి అనే చెప్పా. నీ పీసుల సంగతి ఈ నోటితో ఇప్పుడే అన్నా." చిన్నకోడలు ముక్కు ఎగపీల్చింది. "అడగాల్సిందే. తప్పేనక్కా."

వేరే ఇద్దరైతే ఇక్కడ చేతులు పట్టుకుని ఏడ్చేవారు. మన కటింగక్క అలాంటిది కాదు. ఆవిడ మనసు అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయి, ఆ చెడిన పీసుల్ని పరిచి చూస్తోంది. తప్పు ఉందంటే దానికి ఒక దిక్కు ఉంటుంది. ఆ దిక్కు తెలిసేదాకా ఆవిడకి తోచదు.

"ఎడమ అంచే అన్నావు కదూ. రోజూ అదేనా?"

"రోజూ అదే."

"అంటే నేను కుడివైపుకి వాలుతున్నా."

"అవును. బరువంతా కుడికాలి మీద వేసి ఒరిగి నిలబడుతున్నావు. ఎందుకని అడుగుదామని రోజూ అనుకుంటున్నా." అంటూ చిన్నకోడలు పక్కకి తిరిగి అక్క కాళ్ళ వైపు చూసింది. మాటల్లో పడి దుప్పటి పక్కకి జారింది. బూట్లు ఆగిపోయిన చోట, తొడల మీద, నూలు తొడుగుల అంచులు కనబడుతున్నాయి. కుట్టేవాళ్ళ కళ్ళు మనిషి మొహం కంటే ముందు కుట్టు చూస్తాయి.

"ఈ తొడుగు కూడా తేడా కోశావక్కా. చూడు, కుడిది మడతలు పడి జారిపోతోంది. ఎడమదానికి కుట్టు విచ్చుకుంటోంది."

"నోరు ముయ్యి. అవి రెండూ ఒకే మడతలో కోశా. కత్తెర ఒకసారే ఆడింది. వెంట్రుకవాసి తేడా రాదు."

"మరి ఒకే కొలత అయితే ఒకటి వదులు, ఒకటి బిగువు ఎలా అయింది?"

చిన్నకోడలు మామూలుగానే అడిగింది. అడిగాక ఆ ప్రశ్న తనకే ఎక్కడో తగిలి, మొహం మారింది.

కటింగక్కకి తప్పించుకునే దారి లేకపోయింది. కోత తప్పనాలి, లేదంటే కాలు తప్పనాలి. ప్యాంటు పీసులు చెడాయంటే ఒప్పుకుంది, అవి ఒంటికాలి మీద నిలబడి కోసినవి. కానీ ఈ తొడుగులు ఆవిడ నేల మీద కూర్చుని, ఇష్టంగా, కుదురుగా కోసుకున్నవి. వాటిని తప్పనడానికి ప్రాణం ఒప్పలేదు. రెండు వారాలు కడుపులో దాచిన రహస్యం చివరికి ఆ పంతం వల్లే బయటపడింది.

"కోత తప్పు కాదు," అంది. "కాలు."

"ఏ కాలు?"

"ఎడమది. వాచింది. దాని కొలతే రెండింటికీ వేశా. మొన్నటికంటే ఇంకా వాచినట్టుంది."

"అమ్మాయ్," అని చిన్నకోడలు ముందు గది వైపు పిలిచిన పిలుపుకి పరుగమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మోకాలు దెబ్బతిన్నా ఆ నాలుగడుగులూ ఆమె పరిగెత్తే వచ్చింది. విషయం విని ముందు మిషను ఆపింది. రెండు బూట్ల జిప్పులూ నెమ్మదిగా కిందికి లాగి, తొడుగులు పాదాల దాకా ఒలిచింది.

పక్కపక్కనే పెట్టి చూస్తే అవి ఒక మనిషి కాళ్ళలా లేవు. కుడిపిక్క కంటే ఎడమపిక్క రెండు వేళ్ళ మందం లావుగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. పరుగమ్మాయి అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది. కాలు వేడిగా ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది.

"నేను చూడకుండా పెట్టకూడదు. తప్పు నాది," అంది. "ఆంటీ, ఒక కాలే ఇలా వాచి వేడెక్కితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కచ్చితంగా అదేనని నేను చెప్పలేను, డాక్టర్లే చూడాలి. కానీ అలాంటి కాలికి ఈ మిషను అస్సలు పెట్టకూడదు. నొక్కితే ఆ గడ్డ కదలొచ్చు."

"కదిలితే?" అంది చిన్నకోడలు.

"పైకి పోవచ్చు. ఊపిరితిత్తుల్లోకి."

చిన్నకోడలు తన బూట్ల జిప్పులు తనే లాగేసుకుంది. ఒకటి సగంలో ఇరుక్కుంటే కాలు బలవంతంగా ఊడబెరుక్కుని, ఆ నూలు తొడుగులతోనే నేల మీదికి దిగి అక్క కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం కాదులే," అంది కటింగక్క, పైకి లేవబోతూ. "రేపు కోత అయ్యాక ఆస్పత్రికి వెళ్ళి చూపించుకుంటా."

"రేపు కోత లేదు."

"హోటల్ వాళ్ళకి మాటిచ్చాం."

"హోటల్ వాళ్ళు పాత చొక్కాలు తొడుక్కుంటారు. చచ్చిపోరు."

ఆ ఆఖరి మాట నోరు జారాక దాన్ని వెనక్కి తీసుకోవడం చిన్నకోడలికి చేతకాలేదు. అక్క భుజం మీద చెయ్యి వేసి కుర్చీకి అదిమి పట్టుకుంది. ఆ వేళ్ళ మీది సూది గాట్లు కటింగక్క కంట పడ్డాయి. ఈ మనిషి రెండు వారాలుగా తనకంటే ముందు లేచి, ఎవరికీ తెలియకుండా తన తప్పులు దిద్దుతోంది. తను రెండు వారాలుగా ఈ మనిషి పక్కనే టీ తాగుతూ కాలు దాస్తోంది. ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమే ఇద్దరి నోళ్ళూ నొక్కేసిందని ఆవిడకి ఇప్పుడు అర్థమైంది, అది కూడా కుర్చీలోంచి లేవలేని స్థితిలో.

పరుగమ్మాయి అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. కొట్టు పేరు, వీధి గుర్తులు, పెద్దావిడ వయసు, కాలి సంగతి చెప్పింది. బూట్లు కొంతసేపు ఆడాయని కూడా దాచకుండా చెప్పింది. అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే వంగి అడిగింది.

"ఆంటీ, ఛాతీలో నొప్పి ఏమైనా ఉందా? ఆయాసం? ఊపిరి పీలిస్తే పట్టేసినట్టు ఉందా?"

"లేదు" అన్న మాట కటింగక్క నాలిక చివరి దాకా వచ్చింది. అక్కడే కొన్ని క్షణాలు ఉంది.

ఎందుకంటే, నొప్పి ఉంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఇంత దగ్గరగా తిరుగుతున్న మనకి కూడా చెప్పలేదు. గ్యాస్ అని తనకు తనే సర్దిచెప్పుకుని అటక మీద పెట్టేసింది. ఇప్పుడు చెప్పిందంటే ఇక రేపటి కోత మాట ఉండదు. ఎల్లుండి మాట కూడా ఉండదు. ఆస్పత్రి వాళ్ళు ఎన్నాళ్ళు పడుకోబెడతారో, తిరిగొచ్చేసరికి ఆ బల్ల ముందు నిలబడే కాళ్ళు ఎవరివి ఉంటాయో. చెప్పకపోతే ఏమవుతుందో పరుగమ్మాయి మొహంలో రాసే ఉంది. కటింగక్క ఆ మొహం చూడలేదు. తన భుజాన్ని అదిమి పట్టుకున్న చెయ్యి వైపు చూసింది.

"ఉంది," అంది. "గట్టిగా ఊపిరి పీలిస్తే కుడివైపు డొక్కలో పొడుస్తోంది."

"ఎప్పట్నుంచి అక్కా?"

"నిన్నట్నుంచి." చిన్నకోడలు కళ్ళు అలాగే ఆవిడ మీద నిలిచిపోయాయి. ఆ కళ్ళకి అబద్ధం చెప్పే ఓపిక ఇక కటింగక్కలో లేదు. "కాదు. మొన్నట్నుంచి. మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తోంది."

పరుగమ్మాయి ఆ మాటలన్నీ ఫోన్లో చెప్పింది. అవతలి గొంతు వింటూ, తల ఊపుతూ, చిన్నకోడలితో అంది. "బయలుదేరారట. వీధి తలుపు బార్లా తెరిచిపెట్టండి. ఆంటీని కదపొద్దన్నారు. మాట్లాడించొద్దని కూడా అన్నారు."

చిన్నకోడలు లేవబోయింది. కటింగక్క ఆమె మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళూ మాట దాచుకున్న మనిషికి ఇప్పుడు, ఈ క్షణంలో, చెప్పవలసింది ఇంకా ఏదో ఉంది. పెదవులు కదిలించింది.

మాటకి సరిపడా ఊపిరి అందలేదు.